మల్కిభరాముడి పద్దు కొట్టేసేదెవరు?

రాజుగారి మతం చూసి పద్యం రుచి చెప్పడం కొత్త విద్య. ఈ విద్య ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో ఎంతవరకు పాకిందో అక్కడి మిత్రులు చెప్పాలి. మన చంద్రపూర్, బల్లార్షా, రాజురా, ఘుగ్గూస్ తెలుగువాళ్ళ మధ్యకు మాత్రం వచ్చేసింది. వచ్చి, కుర్చీ వేసుకుని ముందు వరసలో కూర్చుంది. దాని సంగతి ఇక్కడి పత్రికలోనే, ఇక్కడివాళ్ళమే మాట్లాడుకోవాలి.

నేను చరిత్ర పండితుణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, ముప్ఫై ఏళ్ళుగా జమాఖర్చులు చూస్తున్నవాణ్ణి. మా వృత్తిలో ఒక నియమం ఉంది. లెడ్జరులోకి ఎక్కిన పద్దును గీకి తుడిచే అధికారం ఛైర్మనుకు కూడా లేదు. పద్దు తప్పయితే దాని కింద ఇంకో పద్దు రాసి, సంతకం పెట్టి, తేదీ వెయ్యాలి. తుడిచేస్తే ఉద్యోగం పోతుంది. చరిత్రకు ఇంతకన్నా మంచి నియమం ఎవరైనా కనిపెట్టారేమో నాకు తెలీదు.

సంగతి ఇది. ఉగాదికి మా ఊళ్ళో ఒక తెలుగు సంఘంవారు పిల్లల చేత పది పటాలు గీయించారు. 'తెలుగును పోషించినవారు' అని శీర్షిక. నన్నయ వెనక రాజరాజ నరేంద్రుడు, పెద్దన వెనక కృష్ణదేవరాయలు, తంజావూరు రఘునాథ నాయకుడు, చివర సి.పి. బ్రౌన్ దొర. ఏడో పటం గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షాది. మన కవులు నోరారా మల్కిభరాముడని పిలుచుకున్నవాడు. హాలు తెరిచే వేళకు ఆ ఏడో మేకు ఖాళీగా ఉంది. భోజనాల ఖర్చు భరించిన పెద్దమనిషి తీయించారట.

"ఏంది సాబ్, పోషించెటోళ్ళు మనోళ్ళల్ల కరువైండ్రా?" అన్నారు ఆయన నాతో.

"అన్నా, ఆయన తెలుగు కవికి ఊరు రాసిచ్చిండు" అన్నాను.

"ఇచ్చిండేమో. మన రాయల రాజ్యం కూల్చింది గూడ ఆయనే గద."

ఆ మాటలో నిజం ఉంది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఒక్కటి గమనించండి: బ్రౌన్ దొర పటం మేకుకే ఉంది. ఆయన క్రైస్తవుడు, ఇంగ్లీషువాడు, ఈ దేశాన్ని కొల్లగొట్టిన కంపెనీకి జీతగాడు. అయినా ఆయన చేసిన నిఘంటువుకు దండం పెట్టి ఊరుకున్నాం. మంచిదే. అదే మర్యాద ఏడో మేకుకు ఎందుకు లేదు?

ఆ పటం గీసిన అమ్మాయి ఎనిమిదో తరగతి. బడిలో చదివేది మరాఠీ. తెలుగు అక్షరాలు అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. 'మల్కిభరాముడు' అని రాయడానికి భకారం దగ్గర రెండుసార్లు తుడిచి రాసిన గుర్తు కాగితం మీద కనబడుతూనే ఉంది. పటం ఎందుకు తీశారని అడిగితే "చోటు సాలలె బిడ్డా" అన్నారు. గోడ మీద బోలెడు చోటు ఉంది. పిల్లలకు గోడలు కనబడతాయి.

ఇంతకీ ఈ మల్కిభరాముడు ఎవరు?

కుతుబ్ షాహీ వంశానికి మూలపురుషుడు సుల్తాన్ కులీ. ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి దక్కనుకు వచ్చాడు. కారా ఖొయున్‌లూ అనే తుర్కమాన్ తెగవాడు. అంటే తురుష్కుడే. మనవాళ్ళు ముస్లిములందర్నీ కలిపి 'తురకలు' అనడం ఒక మోటు అలవాటు గాని, ఈ వంశం విషయంలో ఆ మాట అక్షరాలా సరిపోతుంది. అదే కాలంలో ఇస్తాంబుల్‌లో రాజ్యం చేస్తున్న ఉస్మానీ సుల్తానులూ తురుష్క సంతతే.

1543లో సుల్తాన్ కులీని ఆయన కొడుకు జంషీదే చంపించాడు. ఇంకో కొడుకు ఇబ్రహీం ప్రాణాలు చేతబట్టుకుని పారిపోయాడు. చివరికి ఎక్కడ తేలాడు? విజయనగరంలో, అళియ రామరాయల దగ్గర. అక్కడే ఏడేళ్ళు. రాజ్యం లేదు, రేపు వస్తుందన్న నమ్మకం లేదు. పరాయివాళ్ళ కొలువులో, పరాయి భాష మధ్య, వాళ్ళు పెట్టింది తింటూ, వాళ్ళ పద్యాలు వింటూ ఉన్నాడు. 1550లో జంషీద్ పోయాక, గోల్కొండ కోటల్లోని తెలుగు నాయకవాడీల సాయంతో గద్దె ఎక్కాడు. ముప్ఫై ఏళ్ళు ఏలాడు.

ఇక్కడ ఆగి చంద్రపూర్ పాఠకుల్ని ఒక మాట అడుగుతాను. పరాయి భాష మధ్య ఏడేళ్ళు అంటే ఏమిటో మనకన్నా ఎవరికి ఎక్కువ తెలుసు? బొగ్గు గనుల్లోకి, కాగితం మిల్లులోకి, థర్మల్ స్టేషనులోకి పని వెతుక్కుని వచ్చిన మన తండ్రులు మొదటి ఏడాది మార్కెట్లో వేళ్ళు చూపించి కూరగాయలు కొన్నారు. ఏడో ఏడాదికి మరాఠీలో పరాచికాలాడారు. ఆకలి తీర్చిన భాష కడుపులోకి దిగుతుంది. ఇబ్రహీంకు తెలుగు అలా దిగింది. దానికి ఉదారహృదయం, సర్వమత సమభావం అని పెద్ద పేర్లు పెట్టనక్కర్లేదు.

దిగినదాన్ని ఆయన గద్దె ఎక్కాక మరవలేదు. అది లెక్కలోకి రావాల్సిన సంగతి. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితం ఇచ్చాడు. కథ భారతంలోది, సూర్యుని కూతురు తపతి, సంవరణుడు. గోల్కొండ సుల్తాను కోసం కథ మార్చలేదు, దేవుళ్ళను తీసేయలేదు. కందుకూరి రుద్రకవికి చింతలపాలెం అగ్రహారంగా ఇచ్చాడు. ఈ రుద్రకవి నిరంకుశోపాఖ్యానం రాసినవాడు, సుగ్రీవ విజయమనే యక్షగానం రాసినవాడు. మన వీధి భాగవతాలకు పూర్వరూపం ఎక్కడుందని వెతికితే మొదట దొరికే వాటిలో ఆ సుగ్రీవ విజయం ఒకటి. ఇక్కడి లేబర్ క్యాంపుల్లో రాత్రి తెల్లవార్లూ భాగవతం చూసినవాళ్ళు ఆ పేరు వినకపోయినా ఆ రుచి ఎరుగుదురు.

ఊరు ఇవ్వడమంటే ఏమిటో బ్యాంకువాడిగా చెప్తాను. అది బహుమతి కాదు, రాబడి. ఒకసారి చేతిలో పెట్టి చప్పట్లు కొట్టించుకునే సొమ్ము ఇది కాదు. ఏటేటా పంట మీద వచ్చేది, కవి పోయినా కవి పిల్లలకు వచ్చేది. అసలు కదలకుండా వడ్డీతో బతికే ఏర్పాటు. ఈ తేడా మనసులో పెట్టుకోండి, చివర్లో అక్కరకొస్తుంది.

రాజును చూసి కొలువువాళ్ళూ నేర్చుకున్నారు. పటాన్‌చెరువులో ఉన్న అమీన్ ఖాన్ అనే కుతుబ్ షాహీ సర్దారుకు పొన్నెగంటి తెలగన యయాతి చరిత్ర అంకితం ఇచ్చాడు. అది అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యం. సంస్కృతం మాట దొర్లకుండా కావ్యమంతా నడిపాడు తెలగన. ఆ పట్టుదలను మెచ్చి కృతి అందుకున్నవాడి పేరు అమీన్ ఖాన్. ఆయన పై ప్రభువు పటం తీయించిన మా పెద్దమనిషి ఆ రోజు వేదిక మీద మాట్లాడిన ప్రసంగంలో తెలుగు మాటలెన్నో నేను లెక్కపెట్టలేదు. 'ఫంక్షన్', 'గెస్టులు', 'సత్కార్', 'ధన్యవాద్' మాత్రం చెవిన పడ్డాయి. నేనూ అలాగే మాట్లాడతాను, సరిహద్దు మీద బతుకుతున్నాం. కాని అచ్చ తెలుగు ఎవరి సొత్తో తీర్పు చెప్పే ముందు కాస్త తడుముకోవాలి.

ఇప్పుడు ఆయన చెప్పిన నిజం దగ్గరికి వద్దాం. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధం. నాలుగు సుల్తానుల సేనలు ఏకమై విజయనగరం మీదికి వెళ్ళాయని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ సుల్తానుల్లో ఇబ్రహీం ఒకడు. తనకు ఏడేళ్ళు అన్నం పెట్టిన రామరాయల తల ఆ యుద్ధంలో తెగింది. ఆ మహానగరం పాడైపోయింది. అన్నం పెట్టిన చేతిని నరికినవాడు అని ఎవరైనా అంటే నేను అడ్డుపడను. అంతటితో ఆగలేదు. 1579 ప్రాంతంలో గోల్కొండ సేన అహోబిలం మీద పడి దోచింది. ఆ సేనను నడిపినవాడు మురహరి రావు, హిందువు. ఆ సంగతి విని కొందరికి నోరు మూతపడుతుంది, కొందరికి ఊరట కలుగుతుంది. నాకు రెండూ కలగలేదు. దోపిడీ దోపిడీయే, సేనాని పేరు ఏదైనా రాజు ఖాతాలోనే రాయాలి.

ఖర్చు వైపు ఇదంతా ఉంది. అయితే జమ వైపు చింతలపాలెం చెరిగిపోతుందా? ఒక ఖాతాలో బాకీ ఉందని ఇంకో ఖాతాలో జమను మాయం చేసే పద్ధతి ఏ ఆడిటరూ ఒప్పుకోడు. తళ్ళికోట రాయండి. అహోబిలం రాయండి. ఆ పటం కిందే రాయండి, ఎనిమిదో తరగతి పిల్లకు చదివే వయసొచ్చింది. తపతీసంవరణం కూడా రాయండి.

ఆ తురుష్కుల దేశంవాళ్ళు ఈ పని చేస్తున్నారు. ఇబ్రహీం గద్దె ఎక్కిన 1550లోనే ఇస్తాంబుల్‌లో సులేమాన్ సుల్తాను తన పేర పెద్ద మసీదుకు పునాది వేయించాడు. సినాన్ అనే శిల్పి 1557కల్లా దాన్ని నిలబెట్టాడు. సులేమాన్ 'ముహిబ్బీ' అన్న పేరుతో స్వయంగా గజళ్ళు రాసేవాడు, బాకీ వంటి కవిని ఆదరించాడు. ఆ సులేమానే 1553లో కన్నకొడుకు ముస్తఫాను తన గుడారంలోకి పిలిపించి చంపించాడు. సైన్యంలో పనిచేసిన కవి తష్లిజలీ యహ్యా ఆ యువరాజు కోసం శోకగీతం రాశాడు. రాజు చేసిన హత్య మీద రాజు బతికుండగానే పద్యం! కవికి ఉద్యోగాలు పోయాయి గాని తల పోలేదు. ఈనాటికీ ఆ మసీదూ ఉంది, ఆ గజళ్ళూ ఉన్నాయి, ఆ శోకగీతమూ ఉంది. ఒకదాని కోసం ఇంకోదాన్ని గోడ మీంచి దించలేదు.

మా పెద్దమనిషిని ఇంత అన్నాక, ఎదుటి పక్షంవారిని వదిలేస్తే పక్షపాతమవుతుంది. వీళ్ళు మల్కిభరాముణ్ణి నెత్తిన పెట్టుకుని ఊరేగేవాళ్ళు. వాళ్ళ ఉపన్యాసంలో ఆయన మతసామరస్యానికి ప్రతిరూపం, మహాత్ముడికి ముందు పుట్టిన మహాత్ముడు. తళ్ళికోట ఊసెత్తితే వాళ్ళకు దగ్గు వస్తుంది. ఆయన కొడుకు మహమ్మద్ కులీ, 1591లో హైదరాబాదు కట్టించినవాడు, తెలుగులో కూడా కవిత్వం రాశాడని వీళ్ళు సభల్లో చెప్తుంటారు. దక్కనీ ఉర్దూలో ఆయన దివాను ఉంది, గొప్పది. అందులో తెలుగు మాటలు దొర్లుతాయి. తెలుగు పద్యం మాత్రం ఒక్కటీ దొరకలేదు. వోచరు లేని జమ జమ కాదు. ఉన్న నిజం చాలదని దానికి ఇంకొంచెం కలిపితే, రేపు ఆ కలిపిన భాగం ఊడిపోయినప్పుడు అసలు నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. పటం తీసేసినవాళ్ళకు ఆయుధం అందించేది ఇలాంటివాళ్ళే.

ఇబ్రహీంకు తెలుగు కావలసి వచ్చింది, అంతే. గద్దె ఎక్కించినవాళ్ళు తెలుగు నాయకులు. పన్ను కట్టేవాడు తెలుగు రైతు, లెక్క రాసేవాడు తెలుగు కరణం. తరవాతి సుల్తానుల ఫర్మానాలు పైన పారసీకంలో, కింద తెలుగులో ఉంటాయి. ఆ కింది తెలుగు భాషాప్రేమతో రాసింది కాదు, గ్రామంలో చదివేవాడికి అర్థం కావాలని రాసింది. అవసరం ఉన్నచోట ఆదరణ నిలబడుతుంది. దయ మీద నిలబడ్డది దయగలవాడు చచ్చేదాకానే.

ఆదరణకు ఇంకో చిక్కు ఉంది, ద్వారపాలకుడు. రుద్రకవి గురించే ఒక చాటు కథ చెప్తారు. రాజదర్శనం కోసం నెలల తరబడి తిరిగాడట. మంత్రులు, పండితులు, దండనాయకులు ఎవరూ లోపలికి పోనివ్వలేదట. చివరికి రాయలకు క్షౌరం చేసే మంగలి కొండోజు మాట చెప్పి దర్శనం ఇప్పించాడట. ఆ సంతోషంలో రుద్రకవి కొలువులోని పెద్దలందర్నీ తిట్టి, కొండోజే మేలన్నాడని చాటువు. దీన్ని చరిత్రగా అప్పగించడం లేదు. కాని మన సంఘాల్లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఇది అబద్ధమని అనగలరా? ఇప్పటికీ కవి ఎవరో తెలిసేది కుర్చీలు వేసే కుర్రాడికి. వేదిక మీదివాళ్ళకు తెలిసేది దాత పేరు.

కవిత్వం తరవాత భక్తి. ఈ వంశంవారు ఆ వైపు చేసింది కూడా తక్కువ కాదు. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా చూసే హుస్సేన్ సాగర్ ఇబ్రహీం కాలంలో తవ్విన చెరువు. దాని పని చూసిన హుస్సేన్ షా వలీ సూఫీ, రాజుగారి అల్లుడు. చెరువుకు ఆయన పేరే నిలిచింది. మొహర్రం వస్తే ఆదిలాబాదు వైపు పల్లెల్లో పీర్లను ఎత్తుకునేవాళ్ళలో సగం మంది తిలకం పెట్టుకునేవాళ్ళే. ఆ పీర్ల పండుగకు గోల్కొండ గాలి తగలకుండా ఉండదు.

అన్నింటికంటే విచిత్రమైనవాడు ఆ వంశంలో చివరివాడు, అబుల్ హసన్ తానాషా. రాజు కాకముందు షా రాజు అనే సూఫీ గురువు దగ్గర ఏళ్ళ తరబడి శిష్యరికం చేశాడు. అబ్దుల్లా కుతుబ్ షా కూతుర్ని పెళ్ళాడి 1672లో గద్దె ఎక్కాడు. మాదన్నను ప్రధానిని చేశాడు, అక్కన్నకు పెద్ద కొలువు ఇచ్చాడు. హిందీలో నియంతను 'తానాషా' అంటారు. ఆ మాట ఈయన పేరు నుంచే వచ్చిందంటారు. నిజమైతే, గురువు పాదాల దగ్గర కూర్చున్నవాడికి చరిత్ర చేసిన ఘోరమైన పరిహాసం అది.

1677లో శివాజీ మహారాజు దక్షిణ దిగ్విజయానికి వెళ్తూ హైదరాబాదులో ఆగాడు. ఆయనను ఎదురేగి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, డబ్బూ ఫిరంగులూ ఇచ్చి పంపినవాడు తానాషా. ఆ ఒప్పందం కుదిర్చినవాడు మాదన్న. మన సభావేదికలన్నింటి మీదా శివాజీ పటం ఉంటుంది. ఉండాలి కూడా, ఆయన నేల మీద బతుకుతున్నాం. కాని ఆ పటంలోని మహారాజు గోల్కొండ సుల్తానును మిత్రుడిగా ఆలింగనం చేసుకున్నాడు. ఆయనకు లేని పట్టింపు ఆయన పటం కింద కూర్చున్నవాళ్ళకు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అంతుపట్టదు.

రామదాసు కథ తీయకుండా తానాషా మాట ముగియదు. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు. ఇది మా బ్యాంకులో జరిగితే ఏమవుతుందో చెప్పనా? ముందు సస్పెన్షను, తరవాత ఛార్జిషీటు, ఆ తరవాత పోలీసు. శ్రీరామనవమి నాడు కళ్ళు తుడుచుకుంటూ తానాషాను తిట్టేవాళ్ళను చూసినప్పుడు నాలోని ఆడిటరు ఊరుకోడు. సొమ్ము ప్రజలది, ఉద్యోగికి దాన్ని వాడే హక్కు లేదు, ప్రభువు వసూలుకు దిగాడు. అందులో మతం ఏముంది? భక్తుల కథలో రామలక్ష్మణులు వచ్చి మొత్తం చెల్లించి రసీదు తీసుకున్నారు. గమనించండి, దేవుడు కూడా బాకీ మాఫీ అడగలేదు. అప్పు తీర్చి కాగితం పుచ్చుకున్నాడు.

ఆ కథలో తానాషాకు దక్కిన చోటు చూడండి. జన్మంతా ఎదురుచూసిన రామదాసుకు కాక, రామదర్శనం సుల్తానుకు అయింది. ఆ కథ అల్లినవాళ్ళు తెలుగు భక్తులు. ఏ సెక్యులరు ప్రభుత్వమూ వాళ్ళచేత చెప్పించలేదు. భద్రాచలం కల్యాణానికి గోల్కొండ నుంచి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం ఆయన పేరనే చెప్తారు. గోల్కొండ పోయింది, నిజాం వచ్చాడు, నిజాం పోయాడు, ప్రభుత్వాలు మారాయి. తలంబ్రాలు వెళ్తూనే ఉన్నాయి. కూచిపూడి అగ్రహారం భాగవతులకు ఇచ్చినవాడు కూడా ఆయనేనని వాళ్ళ పరంపర చెబుతుంది. మా ఊరి ఇరై వాగు నీళ్ళు వార్ధాలో కలిసి, ప్రాణహిత అయి, సిరోంచ దగ్గర గోదావరిలో పడి ఆ భద్రాచలం మెట్లను తాకుతాయి. ఆ మెట్ల మీద తానాషా పద్దు రాసుకున్నవాడు రాముడే కాబట్టి, కొట్టేయాలనుకునేవాళ్ళు దరఖాస్తు అక్కడ పెట్టుకోవాలి.

గురువుకు దాసుడై, కళలకు ప్రాణమిచ్చి, గద్దె పోగొట్టుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఉస్మానీ సుల్తాను మూడో సెలీం 1789లో గద్దె ఎక్కాడు. మెవ్‌లెవీ సూఫీల భక్తుడు. ఆ మఠానికి పెద్ద, మహాకవి అయిన షేక్ గాలిబ్‌కు ఆప్తుడు. సెలీం స్వయంగా వాగ్గేయకారుడు, కొత్త రాగాలు కట్టినవాడు. ఆయనకు తంబూరు నేర్పిన గురువు ఇసాక్ అనే యూదుడు. ఇస్లాం ప్రపంచానికి ఖలీఫా అనిపించుకున్నవాడు యూదు గురువు ముందు శిష్యుడై కూర్చున్నాడు. ఆ సంగీతాన్ని కాగితం మీద పెట్టే స్వరలిపి చేసినవాడు హంపర్త్సూమ్ అనే ఆర్మీనియను క్రైస్తవుడు. 1807లో జానిసారీ సైనికులు సెలీంను దించేశారు, మర్నాడెప్పుడో కాదు, మరుసటి ఏడే చంపేశారు. ఆయన రాగాలు మాత్రం ఇంకా పాడుకుంటున్నారు.

తానాషా కథా అలాగే ముగిసింది. అక్కన్న మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టుకున్నాడు. తానాషాను తెచ్చి దౌలతాబాదు కోటలో బంధించాడు. పదేళ్ళకు పైగా అందులోనే ఉండి అందులోనే పోయాడు. సమాధి ఖుల్దాబాదులో ఉంది. అదే ఖుల్దాబాదులో, కొద్ది దూరంలో, ఆయనను బంధించిన ఔరంగజేబు సమాధీ ఉంది. 2025లో ఆ రెండో సమాధి కోసం మన పక్క నాగపూర్‌లో వీధులు తగలబడ్డాయి. మొదటి సమాధి గురించి ఎవరూ మాట్లాడలేదు. తెలుగు నేల నుంచి మహారాష్ట్రకు వచ్చి, వెనక్కి వెళ్ళలేక ఇక్కడి మట్టిలో కలిసిన మనిషి. మన పెద్దల్లో చాలామంది కథ అంతే కదా, ఆయనను సంకెళ్ళు తెచ్చాయి, మనల్ని జీతం తెచ్చింది.

ఇక మన ఊరి మాట. చంద్రపూర్ కోట కట్టినవాళ్ళు గోండు రాజులు. వాళ్ళ ఇంటి భాష గోండి మరాఠీ కంటే తెలుగుకు దగ్గరి చుట్టం. ఆ కోట గోడల పక్క నుంచే రోజూ ఆఫీసుకు వెళ్తాం. రాజురా 1956 వరకూ హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉన్న తాలూకా. గోండి, తెలుగు, మరాఠీ, దక్కనీ నాలుగూ ఒకే బావిలో చేదలు వేసిన ప్రాంతం ఇది. ఇలాంటి చోట కూర్చుని 'మనోళ్ళు' ఎవరో జాబితా రాయడం మొదలుపెడితే, రేపు ఇంకో సభలో ఇంకొకాయన ఇంకో జాబితా రాస్తాడు. అందులో మన పేరు ఉంటుందని పూచీ ఏమిటి? మైనారిటీగా బతికేవాడు తుడుపుగుడ్డను చేతిలోకి తీసుకోకూడదు. అది మొదట ఎవరి వైపు తిరుగుతుందో అందరికంటే ముందు తెలియాల్సింది వాడికే.

తెలుగును ప్రభుత్వం పోషించడం లేదని ప్రతి ఉగాదికీ తీర్మానం చేస్తాం. దాని నకలు కలెక్టరు ఆఫీసులో ఇచ్చి ఫొటో దిగుతాం. మరి మన పోషణ మాటేమిటి? ఈ ఏటి సభ జమాఖర్చులు సభ్యుడిగా అడిగి చూశాను. మండపం, మైకు, భోజనాలు, బ్యానర్ల ముద్రణ, శాలువాలు, జ్ఞాపికలు. శాలువాలు 22. కప్పినవాళ్ళే కప్పించుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. పుస్తకాల కింద ఒక్క పద్దు లేదు. పిల్లలకు అక్షరాలు నేర్పేవారి కింద ఒక్క పద్దు లేదు. మల్కిభరాముడు శాలువా కప్పి పంపి ఉంటే రుద్రకవి పేరు మనదాకా వచ్చేది కాదేమో. ఊరు ఇచ్చాడు. ఏటేటా వచ్చే రాబడి.

మన దగ్గర ఊళ్ళు లేవు, ఫిక్స్‌డ్ డిపాజిట్లున్నాయి. సంఘం పేర బ్యాంకులో ఉన్న సొమ్ము అసలు ముట్టుకోకుండా, దాని వడ్డీతో శనాదివారాలు తెలుగు చెప్పే ఒక అమ్మకో అయ్యకో నెల జీతం ఇవ్వచ్చు. లెక్క వేసి కాగితం మీద పెట్టాను, సరిపోతుంది. దాతలు అక్కర్లేదు, కనక ఎవరి పటం ఉండాలో దాతల్ని అడగనూ అక్కర్లేదు. ఈ ప్రతిపాదన సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టమని కార్యదర్శికి రాతపూర్వకంగా నోటీసు ఇచ్చాను. అందినట్టు సంతకం తీసుకున్నాను. సమావేశం ఆగస్టు రెండో ఆదివారం.